చేతులు కడుక్కునే నీళ్ళు

2022 చివర్లో, డిసెంబరు చలి మొదలైన రోజుల్లో ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. సంతోష్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, జిరాక్స్ షాపుకీ పంక్చర్ల దుకాణానికీ మధ్య నా క్లినిక్. నేను పశువుల డాక్టర్ని. పన్నెండేళ్ళు జిల్లాల్లో గేదెలకూ గొర్రెలకూ వైద్యం చేసి, ఆ తర్వాత ఇక్కడ బోర్డు పెట్టుకున్నాను. ఇక్కడ నా పేషెంట్లు కుక్కలు, పిల్లులు, మేడల మీద ఎగరేసే పావురాలు, బక్రీద్‌కి నెల ముందు దగ్గు చూపించుకోవడానికి వచ్చే మేకపోతులు. ఇన్నేళ్ళలో నా చేతుల్లో చాలా బతికాయి, చాలా పోయాయి. ఎక్కువ భాగం మర్చిపోయాను కూడా. ఎంత మర్చిపోదామన్నా వదలనిది ఇదొక్కటే. ఇందులో ఒక జంతువు చేతులు పోయాయి, ఒక మనిషి పని పోయింది. రెండింటికీ మొదలు నేను గుమ్మంలో నిలబడి అన్న ఒక్క వాక్యం.

బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన ఫోన్ చేశాడు. అందరూ బద్రి సేటు అంటారు. తాతల కాలం నుంచి అక్కడే దుకాణం, దుకాణం పైనే ఇల్లు.

"మేడం, మా ఇంట్ల ఒక జాన్వర్ ఉంది. కుక్క కాదు, పిల్లి కాదు. పట్టుకొని వస్తే బజారంత జమైతది. మీరే జెర రావాలె."

వెళ్ళాను. కింద నిలువెత్తు పేర్చిన బిందెలు, టిఫిన్ డబ్బాలు. పైన వెనక వరండాలో ఇనుప జాలీ కొట్టించిన పెద్ద బోను. అందులో ఒక రకూన్. దానికి తెలుగులో పేరు లేదు. అమెరికా అడవుల్లో, వాగుల పక్కన బతికే జంతువుకి మన భాషలో పేరెందుకుంటుంది? పిల్లి కంటే పెద్దది, ఊరకుక్క కంటే చిన్నది. కళ్ళ చుట్టూ గంతలు కట్టినట్టు నల్లటి పట్టీ, తోక మీద గాజులు తొడిగినట్టు చారలు. పక్షులు అమ్మే ఎవరో తెలిసినాయన దగ్గర కొన్నారట. కాగితాలున్నాయా అంటే సేటు ఒక ఫైలు చూపించాడు. అందులో స్టాంపులు బాగానే ఉన్నాయి, జంతువు పేరే ఎక్కడా కనబడలేదు. నేను రెండోసారి అడగలేదు. మొదటి తప్పు అక్కడే చేశాను.

దాన్ని చూసుకునేది సేటు తల్లి రుక్మిణమ్మ. డెబ్భై ఏళ్ళుంటాయి. నన్ను బోను దగ్గర పీట మీద కూర్చోబెట్టి, "గిదే డాక్టరమ్మా, మా పంతులు," అంది.

"పంతులేంది పెద్దమ్మా?"

"చూడు మల్ల నువ్వే."

అరటిపండు ముక్క ఒకటి జాలీ లోంచి వేసింది. ఆ జంతువు దాన్ని రెండు చేతులతో తీసుకుని, మూలనున్న స్టీలు తొట్టి దగ్గరికి వెళ్ళి, నీళ్ళలో ముంచి, అటూ ఇటూ తిప్పి రుద్ది, అప్పుడు నోట్లో పెట్టుకుంది.

"చూసినవా? కడుగకుంట నోట్లె పెట్టడు. మా ఇంట్ల మగోళ్ళకు గీ మాత్రం ఆచారం ఉంటె నాకు గింత పరేషానే లేకపోవు."

సేటు నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ అది కడగడం కాదని నాకు తెలుసు. బయల్దేరే ముందు గంటసేపు పుస్తకం తిరగేసి వచ్చాను. దీన్ని ఇంగ్లీషులో డౌజింగ్ అంటారు, అంటే ముంచడం. అడవిలో రకూన్ వాగు ఒడ్డున కూర్చుని, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి, చూపు ఎటో పెట్టి, రాళ్ళ కింద తడుముతుంది. పీతో, కప్పో, నత్తో చేతికి తగలాలి. దాని ముందు పాదాలను ఫోర్‌పా అంటారు గానీ, అయిదు వేళ్ళతో చూడటానికి చిన్నపిల్లల చేతుల్లాగే ఉంటాయి. అరచేతుల చర్మం మీద వెంట్రుకలుండవు, లోపల స్పర్శ నరాలు కిక్కిరిసి ఉంటాయి. చర్మం తడిసి మెత్తబడితే ఆ స్పర్శ ఇంకా పదునెక్కుతుంది. గోళ్ళ పైన మీసాల్లాంటి సన్నటి వెంట్రుకలుండి, వస్తువు పూర్తిగా చేతికి రాకముందే దాని సంగతి చెబుతాయి. మెదడులో స్పర్శ కోసం ఉన్న భాగంలో ఎక్కువ వాటా ఈ రెండు చేతులదే. దగ్గరి చూపు దానికి అంతంత మాత్రం. ఒక్క ముక్కలో చెప్పాలంటే అది చేతులతో చూస్తుంది. బోనులో పెడితే వాగు ఉండదు కాబట్టి, పళ్ళెంలో పెట్టిన తిండినే నీళ్ళలో వేసుకుని వెతికి పట్టుకున్నట్టు చేస్తుంది. ఇంటిల్లిపాదీ ముచ్చటపడి చూస్తున్న ఆచారం అదీ.

ఇదంతా రుక్మిణమ్మకు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "నీ పుస్తకం నీది బిడ్డా, నా కండ్లు నావి," అంది.

నన్ను పిలిచిన కారణం వేరే. పంతులు వెనక కాళ్ళు తూలుతున్నాయి, బొచ్చు ఊడుతోంది. ఏం పెడుతున్నారని అడిగాను. పాలన్నం, నానబెట్టిన బాదం, అరటిపండు, నెయ్యి లడ్డూ. రకూన్ అన్నీ తినే జంతువు. దాని నోట్లో ముందు చీల్చే పళ్ళు, వెనక నూరే పళ్ళు రెండూ ఉంటాయి. అడవి దొరక్కపోతే ఊళ్ళో చెత్తకుండీ మూత తీసుకుని మరీ బతుకుతుంది. అలాంటిదాన్ని ప్రసాదాల మీద పెడితే ఎముకలకు బలం ఎక్కడిది?

"రోజుకొక ఉడికిన గుడ్డు పెట్టాలె పెద్దమ్మా."

ఆమె చెవులు మూసుకున్నంత పని చేసింది. "గుడ్డా? కడుక్కొని తినేటోనికి గుడ్డు పెడ్తరా ఎవరన్న? నా ఇంట్ల పొయ్యి మీద గుడ్డు ఎక్కదు."

బతిమాలాను, కోప్పడ్డాను, లాభం లేదు. మెట్లు దిగుతుంటే వెనకాలే ఒకామె వచ్చింది. ఆ ఇంట్లో పనిచేసే యాదమ్మ. జల్‌పల్లి నుంచి రోజూ పొద్దున్నే రెండు ఆటోలు మారి వస్తుంది. బోను కడిగేదీ, తొట్టిలో నీళ్ళు మార్చేదీ ఆమే.

"నేను తెస్త మేడం గుడ్డు. మా ఇంట్ల ఎట్లాగు వండుత. పెద్దమ్మ పూజల కూసున్నప్పుడు పెడ్త. తెలిస్తె నన్ను ఉతికి ఆరేస్తది గని, పాపం దాని కాళ్ళు జూస్తె మనసొప్పుతలేదు."

నా ఫోన్ నంబరు ఇచ్చి, ఆమె నంబరు తీసుకుని, అలాగే చేయమన్నాను. ఇంటివాళ్ళకు తెలియకుండా పనిమనిషితో ఒప్పందం చేసుకోవడం డాక్టరు చేయాల్సిన పని కాదు. అప్పుడు మాత్రం గొప్ప తెలివి చూపించాననుకున్నాను.

తర్వాత మళ్ళీ పైకి వెళ్ళాను, ఇంకో మాట చెప్పడం మర్చిపోయానని. రకూన్ పేగుల్లో ఒక రకం నులిపురుగు ఉంటుంది. దాని గుడ్లు మలంలో పడతాయి. ఆ బోను కడిగినవాళ్ళు చేతులు సరిగా కడుక్కోకపోతే మనుషులకూ ప్రమాదమే. డీవార్మింగ్, అంటే నులిపురుగుల మందు, నేనే వేశాను, మనుషులకున్న ప్రమాదం సంగతి మాత్రం విడమర్చి చెప్పలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, కింద ఆటో అతను హారన్ కొడుతుంటే, లోపలికి చూసి గట్టిగా చెప్పాను.

"చేతులు కడుక్కునే నీళ్ళల్ల రోజు రెండు మూతల లోషన్ కల్పున్రి పెద్దమ్మా. మర్చిపోవద్దు."

గాయాలు తుడిచే మామూలు యాంటీసెప్టిక్ లోషన్. నేను చెప్పింది బోను ముట్టుకునే మనుషుల చేతుల గురించి. కానీ మన మాటలో "ఎవరి" అన్నది చెప్పకపోయినా వాక్యం పూర్తయిపోతుంది. ఆ ఇంట్లో పొద్దస్తమానం చేతులు కడుక్కునేది ఎవరు? పంతులు. అరగంట నుంచి నేను మాట్లాడింది ఎవరి చేతుల గురించి? పంతులు చేతుల గురించే. ఇంకొక సంగతి కూడా దాచకుండా రాయాలి. ఆ పురుగు గుడ్లు అలాంటి లోషన్లకు చావవని తర్వాత చదివి తెలుసుకున్నాను. అంటే నా సలహాను సరిగ్గా అర్థం చేసుకున్నా ఒరిగేదేమీ లేదు.

జనవరిలో సేటు ఫోన్ చేసి, పంతులు గంతులేస్తున్నాడనీ, బొచ్చు నిగనిగలాడుతోందనీ చెప్పాడు. "మీ మందు మస్తు పన్జేసింది మేడం." పనిచేసింది యాదమ్మ గుడ్డు. మెచ్చుకోలు నేను పుచ్చుకున్నాను.

మార్చి మధ్యలో మళ్ళీ ఫోన్. తిండి ముట్టడం లేదు, చేతులు నాక్కుంటూనే ఉంది అని. వెళ్ళి చూస్తే పంతులు మూలన ముడుచుకుని ఉంది. దగ్గరికి పిలిచి చేతులు చూశాను. నల్లగా ఉండాల్సిన అరచేతులు తెల్లగా ఉబ్బి, పొరలు పొరలుగా లేచిపోయి, పగుళ్ళలోంచి రసి కారుతోంది. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు నల్లబడి చచ్చిపోయాయి. బోనులోంచి ఘాటైన వాసన. తొట్టి వైపు చూశాను. నీళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. లోషన్‌ను నీళ్ళలో కలిపితే వచ్చే రంగు అది.

"ఈ నీళ్ళల్ల ఏం కలిపిండ్రు పెద్దమ్మా?"

"నువ్వు చెప్పిందే బిడ్డా. మూడు పూటల నీళ్ళు మారిపిస్తున్న, మూడు పూటల మందు కల్పిపిస్తున్న. ఒక్కనాడు మర్వలేదు." ఆమె ముఖంలో మెచ్చుకుంటానేమో అన్న ఎదురుచూపు ఉంది.

ఒక బకెట్టు నీళ్ళకు రెండు మూతలని నా లెక్క. ఇది చిన్న తొట్టి. పైగా ఆ చేతులు రోజంతా అందులోనే ఉంటాయి, తర్వాత నోట్లోకి పోతాయి. మూడు నెలలు. పైకి కనబడేది కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే మందు తగిలి చర్మం కాలడం. లోపల మూత్రపిండాలకు ఎంత నష్టం జరిగిందో అప్పటికి తెలియదు.

సేటు అడిగాడు, "రెండు మూతలే గద మేడం మీరు చెప్పింది? రెండు మూతలకు గిట్లయితదా?"

నేను చెప్పాల్సిన జవాబు చిన్నదే. సేటూ, నేను చెప్పింది మీ చేతుల గురించి, సరిగా చెప్పకపోవడం నా తప్పు. అంతే. దానికి బదులు ఇలా అన్నాను.

"నీళ్ళల్ల మందు ఎక్కువైంది."

అబద్ధం కాదు. ఎవరు చెబితే ఎక్కువైందో అందులో లేదు, అంతే. సేటు వెంటనే యాదమ్మ వైపు తిరిగాడు.

"ఎన్ని మూతలు గుమ్మరిస్తున్నవే?"

"రెండే సేటు. పెద్దమ్మ కండ్ల ముంగట్నే పోస్త."

"నేను పూజల ఉంట, నాకేమెర్క," అంది రుక్మిణమ్మ మెల్లగా.

"మేడం చెప్పినట్టే చేసిన సేటు."

"ఏంది? డాక్టరమ్మ జాన్వర్ చేతులు కాలబెట్టుమని చెప్తదా?"

అందరూ నా వైపు చూశారు. నేను పంతులు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గుండె వింటున్నాను. తల ఎత్తలేదు.

"ఇంకేమేం పెడ్తున్నవ్ దానికి మాకు తెల్వకుంట?" అన్నాడు సేటు.

యాదమ్మ నన్ను చూసింది. గుడ్డు మాట చెబితే నా పేరు వస్తుంది. నేను సంచీలో సిరంజి వెతకడం మొదలుపెట్టాను.

"ఏం పెడ్తలే సేటు," అంది.

"రేపటి సంది రాకు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. నేను పంతులుకి కెటమిన్ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టి పని మొదలుపెట్టాను. చచ్చిన చర్మం తీసేసి, సెలైన్‌తో కడిగి, కాలిన పుండ్లకు రాసే మలాము పట్టించాను. ఆ రెండు వేళ్ళ కొసలు తీసేయాల్సి వచ్చింది. నా చేతులు వణకలేదు. పని దగ్గర నా చేతులు ఎప్పుడూ వణకవు. ఆ రోజు దానికి సిగ్గుపడ్డాను.

మూడు వారాల్లో చర్మం మళ్ళీ వచ్చింది, స్పర్శ మాత్రం రాలేదు. ఒకరోజు తొట్టిలో మంచినీళ్ళు పోసి, ద్రాక్షపండు వేసి చూశాను. పంతులు రెండు చేతులూ నీళ్ళలో పెట్టింది, అలవాటుగా చూపు ఎటో పెట్టి తడమడం మొదలుపెట్టింది. పండు దాని చిటికెనవేలికి ఆనుకుని ఉంది. అది అవతలి మూల వెతుకుతోంది. చాలాసేపు వెతికి, చేతులు బయటికి తీసి, వాటి వంక చూసుకుని వెళ్ళి మూల కూర్చుంది. రుక్మిణమ్మ ఏడ్చింది. తన చేత్తో తినిపించింది కొన్నాళ్ళు. చివరికి గుడ్డు కూడా ఒప్పుకుంది, తనే పొయ్యి మీద ఉడికించింది. అప్పటికి పంతులు నోరు తెరవడం మానేసింది. ఎండలు ముదిరే వేళకు మూత్రపిండాలు చెడి ప్రాణం పోయింది.

మే నెలలో సేటు క్లినిక్‌కి వచ్చాడు. ఒళ్ళో తెల్లటి పర్షియన్ పిల్లి పిల్ల. "పంతులు పోయినకాడి నుంచి అమ్మ బేజారుగ ఉంది మేడం, అందుకే తెచ్చిన." నేను తలుపు దగ్గరికి వేసి, కుర్చీలో కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. నా వాక్యం ఏమిటో, దాన్ని వాళ్ళు ఎలా విన్నారో, యాదమ్మ తప్పు ఇసుమంత కూడా ఎందుకు లేదో. గుడ్డు సంగతి కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

ఆయన పిల్లి మెడ నిమురుతూ విన్నాడు. "ఇప్పుడు గా ముచ్చటెందుకు మేడం? కొత్తామె దొరికింది. జెర నిదానం గని మంచిగనే చేస్తుంది. దీనికి టీకా ఎప్పుడెయ్యాలె చెప్పున్రి."

టీకా వేశాను.

ఆ ఆదివారం జల్‌పల్లి వెళ్ళాను. చిన్న చిన్న ప్లాట్లు, సగం కట్టి ఆపేసిన గోడలు, ఇంకా రోడ్డు పడని గల్లీ. రెండు గదుల ఇంటి ముందు యాదమ్మ బియ్యం ఏరుతూ కూర్చుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసింది. సేటుకి చెప్పిందంతా ఆమెకీ చెప్పాను.

"నాకు తెల్వదా మేడం?" అంది. "మీరు చెప్పులేస్కుంట చెప్పినప్పుడు నేను గాడనే ఉన్న. చేతులంటె మా చేతులే అనుకున్న నేను. పెద్దమ్మను అడిగిన గూడ, మనయా, పంతులువా అని. నీకేం తెల్సు, పంతులు గురించే చెప్పింది అన్నది."

ఆ ఇంట్లో నా మాట సరిగ్గా అర్థమైంది ఆమె ఒక్కదానికే.

"నా నంబరు ఉంది గదా యాదమ్మా. ఒక్క ఫోన్ చేస్తె అయిపోతుండె."

"చేద్దామనుకున్న. పనామె ఫోన్ చేసి డాక్టర్ని గట్లనా గిట్లనా అని అడిగితె ఏం బాగుంటది అని ఊకున్న."

లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అందుకోబోతూ ఆమె వేళ్ళు చూశాను. కొసలు తెల్లగా పాలిపోయి, పొరలు లేచి ఉన్నాయి. బొటనవేలి పక్కన ఎర్రటి పగుళ్ళు.

"ఇదేంది?"

"గా నీళ్ళు కలిపిన చేతులే గద మేడం. మూడు పూటల గా తొట్టి కడిగింది, గా బోను కడిగింది నేనే. ఇంక తగ్గుతలేదు. ఏ ఇంట్ల పని అడిగినా చేతులు జూసి, ఏం రోగం అంటున్నరు. అంట్లు ఎవరిస్తరు నాకు?"

మార్చిలో ఆ రోజు పంతులు వేళ్ళను భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూశాను. ఈమె నాకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. నా కళ్ళకు ఒక జత చేతులే కనిపించాయి.

నేను పశువుల డాక్టర్ని, మనుషులకు మందు రాయకూడదు. మర్నాడు ఆమెను చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నయం కావడానికి వానాకాలం అంతా పట్టింది. ఈ కేసు తర్వాత నేను ఏ సలహానైనా ఎవరి చేతులు, ఏ గిన్నె, ఎంత నీళ్ళు అని కాగితం మీద రాసి ఇస్తున్నాను. రాసినదాన్ని తిరిగి చెప్పమని అడుగుతాను. యజమానిని కాదు, ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో వాళ్ళని పిలిపించి అడుగుతాను. కొందరు యజమానులకు ఇది నచ్చదు. నచ్చకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు.

ఇదంతా నేర్చుకున్నానని సంతోషపడే రోజు మాత్రం రాలేదు. వానలు తగ్గాక యాదమ్మను నా క్లినిక్‌లోనే పనికి రమ్మన్నాను. జంతువులంటే ప్రేమ ఉంది, చేయి నెమ్మది, ఇంతకంటే మంచి మనిషి నాకు దొరకదు. ఆమె కోపంగా ఏమీ లేదు, నాతో ఎప్పుడూ కోపంగా మాట్లాడలేదు.

"సేటు తిట్టిండు మేడం, తిట్టేటోళ్ళ తాన ఎట్లన్న చెయ్యొచ్చు," అంది. "మీరు ఊకున్నరు. మీ తాన చెయ్యలేను."